జ్వరం బిళ్ల మీద హెచ్చరిక ఏదీ?

పశువుల మందు సీసా ఏది తీసుకున్నా దాని మీద ఒక జంతువు తల బొమ్మ ఉంటుంది. ఇది మనుషులకు కాదు, జంతువుల చికిత్సకు మాత్రమేనన్న హెచ్చరికా ఉంటుంది. 1945 నాటి ఔషధ నిబంధనలు పెట్టిన షరతు అది. మరి మనుషుల మందు జంతువులకు వేయకూడదని చెప్పేదెవరు? పారాసెటమాల్ అట్ట తిరగేసి చూడండి. పిల్లి గురించి ఒక్క ముక్క ఉండదు. పిల్లి ప్రాణం తీయడానికి ఆ బిళ్ల ఒక్కటి చాలు.

భయపెట్టడానికి అంటున్న మాట కాదిది. మన కాలేయం ఈ మందును చాలావరకు హాని లేని రూపంలోకి మార్చి ఒంట్లోంచి పంపేస్తుంది. ఆ పని చేసే ఎంజైమ్ పిల్లిలో దాదాపు లేనట్టే. దాంతో మందు విషంగా మారి రక్తంలోని హీమోగ్లోబిన్‌ను చెడగొడుతుంది. అది ఇక ప్రాణవాయువును మోయలేదు. చిగుళ్లు మట్టిరంగుకు తిరుగుతాయి, మొహం, పాదాలు వాస్తాయి, ఆయాసం మొదలవుతుంది. ఎసిటైల్‌సిస్టీన్ అనే విరుగుడు ఉంది గానీ, గంటల్లోనే అందాలి. ఒళ్లు కాలుతోందని బిళ్ల వేసి, తెల్లారేసరికి తగ్గుతుందిలే అని పడుకున్న ఇంట్లో ఆ గంటలు నిద్రలోనే పోతాయి.

కుక్కకు ఇబుప్రోఫెన్ వేస్తే కడుపులో పుండ్లు, మోతాదు పెరిగితే కిడ్నీలకే ఎసరు. మెలోక్సికామ్ అలా కాదు, పశువైద్యులు రాసే మందే. చిక్కంతా కొలతలో ఉంది. కుక్కకు రోజువారీ మోతాదు కిలోకు 0.1 మిల్లీగ్రాము. అయిదు కిలోల పొమేరియన్‌కు అర మిల్లీగ్రాము సరిపోతుంది. మనుషుల బిళ్ల 7.5 మిల్లీగ్రాములు. సగానికి విరిచి వేశామని తృప్తిపడితే, పడాల్సిన దానికి ఏడున్నర రెట్లు పడినట్టే. కుక్కల కోసం ఇదే మందును సిరంజితో కొలిచి పోసే ద్రవంగా తయారుచేసేది ఇందుకే.

పశువుల డాక్టర్లూ మనుషుల మందులే రాస్తున్నారు కదా అని మందుల షాపువాళ్లు అంటారు. నిజమే, రాస్తారు. చాలా జబ్బులకు జంతువుల కోసం ప్రత్యేకించి తయారైన మందు మన మార్కెట్లో లేదు. అయితే డాక్టరు జంతువును చూసి, తూకం వేసి రాస్తారు. కౌంటర్లో కుర్రాడు ‘కుక్కకా? సగం వెయ్యండి’ అనేసి చిల్లర ఇస్తాడు. అడిగేవారిదే తప్పనీ అనలేం. రాత్రి పదింటికి తెరిచి ఉండేది మందుల షాపే. పశువుల ఆసుపత్రులు పాడి పశువుల కోసం పుట్టినవి. కనీసం జిల్లా కేంద్రాల్లోనైనా రాత్రిపూట కుక్కనో పిల్లినో చూసే డాక్టరు ఉండాల్సిందే.

అట్ట మీద రాస్తే ఆగుతుందా అనే పెద్దమనుషులు డైక్లోఫెనాక్ కథ గుర్తుచేసుకోవాలి. ఆ మందు వేసిన పశువుల కళేబరాలు తిని రాబందులు కుప్పకూలుతున్నాయని 2006లో పశువులకు దాన్ని నిషేధించారు. తర్వాత మనుషుల డైక్లోఫెనాక్ మీద పశువులకు వాడకూడదని ముద్రించమన్నారు. అయినా పెద్ద వయల్స్ పశువులకే చేరాయి. చివరికి 2015లో మనుషుల ఇంజెక్షన్‌ను ఒక్క మోతాదుకు సరిపోయే 3 మిల్లీలీటర్లకు కుదించారు. ముద్ర ఒక్కటే చాలదనీ, అమ్మకం దగ్గర బిగించాలనీ మనకు అప్పుడే తెలిసింది.

కాబట్టి రెండూ కావాలి. పారాసెటమాల్, ఇబుప్రోఫెన్ అట్టల మీద పిల్లికీ కుక్కకూ వేయవద్దన్న హెచ్చరిక, పక్కన బొమ్మ, తెలుగులో కూడా, తప్పనిసరి చేయాలి. దీనికి కంపెనీలకయ్యేది సిరా ఖర్చే. జంతువు కోసమని తెలిసీ పశువైద్యుడి చీటీ లేకుండా మనుషుల మందు అమ్మిన షాపుకు మొదటిసారి నోటీసు ఇవ్వాలి, మళ్లీ అమ్మితే లైసెన్సు సస్పెండ్ చేయాలి. ఔషధ నియంత్రణ శాఖ ఇన్‌స్పెక్టర్లు తనిఖీకి వెళ్లినప్పుడు చూసే జాబితాలో ఈ పద్దును కూడా చేర్చాలి.