పసిబిడ్డ పొత్తిగుడ్డ

మెత్తబడిన పాత నూలుచీరలను చింపి పొత్తిగుడ్డలుగాఁ జేసి, తడిసిన వెంటనే మార్చుచుండిన మన నాయనమ్మల యాచారమును మోటతనమని త్రోసివేసి, తడిసి బరువెక్కిన డైపరును తెల్లవాఱుదాఁక విప్పకుండుటయే సౌకర్యమని మనమెంచుట నాకెంతయు బాధాకరముగా నున్నది. మూత్రము మలముతోఁ గలిసినపుడు చర్మముయొక్క సహజామ్లత తఱిగి, మలమందలి ఎంజైములు విజృంభించి, ఆ లేఁతచర్మమును క్షయింపఁజేయును. ఆ మంటను చెప్పుకొనుటకు బిడ్డకు మాటలైనను లేవు గదా! రెండు మూడు గంటల కొకసారి, మలవిసర్జనమైనచోఁ దత్క్షణమే మార్చి, గోరువెచ్చని నీటఁ గడిగి, రుద్దక మెత్తగా నద్ది, కొంతసేపు గాలి తగులనిచ్చి, జింక్ ఆక్సైడు లేపనమును దట్టముగాఁ బూసినచో సామాన్యమైన యెఱుపు రెండు మూడు దినములలోఁ దగ్గును. పౌడరు మాత్రము వలదు. ఆ ధూళి శ్వాసతో నూపిరితిత్తులఁ జేరును. గజ్జల ముడుతలలో నెఱుపు చుట్టును చిన్నపొక్కులు లేచినచో నది తఱచుగాఁ గాండిడా యను శిలీంధ్రము. అప్పుడు వైద్యునకుఁ జూపవలయును.