ఒక్కటే పేరు, రెండు అమెరికాలు: కాలేజీ ఫ్రాటర్నిటీల రాజకీయం

2024 ఏప్రిల్ 30న అమెరికాల నార్త్ కరోలినా యూనివర్సిటీ చాపెల్ హిల్ క్యాంపస్‌ల పెద్ద లొల్లి అయింది. గాజా యుద్ధం మీద నిరసన చేస్తున్నోళ్లు అమెరికా జెండా దించి పాలస్తీనా జెండా ఎక్కిచ్చిన్రు. యూనివర్సిటీ పెద్దసారు పోలీసులతోని వచ్చి మళ్ల పాత జెండా ఎక్కిచ్చిండు. మళ్ల గడబిడ అయితుంటే కొందరు పిల్లగాండ్లు ఆ జెండా నేలకు తగలకుంట చేతులతోని పట్టుకొని నిలబడ్డరు. వాళ్లల్ల ఫ్రాటర్నిటీ పిల్లగాండ్లు ఉన్నరు. ఆ ఫొటో దేశమంత తిరిగింది. వాళ్లకు పెద్ద దావత్ ఇయ్యాలని ఆన్‌లైన్ల చందా మొదలువెడ్తే 5 లక్షల డాలర్లు దాటింది. జూలైల రిపబ్లికన్ పార్టీ జాతీయ సభల వాళ్లను వేదిక మీదికి పిలిచిన్రు.

అదే జూలై 24న కమలా హారిస్ ఇండియానాపోలిస్ పోయింది. బైడెన్ పోటీల నుంచి తప్పుకొని మూడు దినాలే అయింది. ఆమె మాట్లాడింది జీటా ఫై బీటా అనే నల్లజాతి మహిళల సంఘం సభల. అది సుత గ్రీకు అక్షరాల సంఘమే. హారిస్ సొంత సంఘం ఆల్ఫా కప్పా ఆల్ఫా. హోవర్డ్ యూనివర్సిటీల చదివేటప్పుడు 1986ల చేరింది.

ఈ రెండు సీన్లు పక్కపక్కన పెట్టి చూస్తే సమజయితది. 'అమెరికా ఫ్రాటర్నిటీలు ఏ పార్టీ దిక్కు?' అంటే ఒక్క జవాబు లేదు. ఏ ఫ్రాటర్నిటీ అని అడగాలె.

తెల్వనోళ్ల కోసం రెండు ముక్కలు. మగపిల్లగాండ్లది ఫ్రాటర్నిటీ, ఆడిపిల్లలది సొరారిటీ. పేర్లు ఎక్కువమట్టుకు గ్రీకు అక్షరాలు. చానవాటికి సొంత ఇల్లు ఉంటది, గుట్టు రివాజులుంటయి. చేరాలంటే పైసలు కట్టాలె. అది ఒక్కటే చాలదు, లోపటోళ్లు నిన్ను ఒప్పుకోవాలె. ఒక్కసారి మెంబరైతే సచ్చేదాకా మెంబరే. అసలు సంగతి ఇక్కడే ఉన్నది. చదువు అయిపోయి 30 ఏండ్లయినంక కూడా పాత మెంబరు కొత్త మెంబరుకు నౌకరి చూపిస్తడు. న్యూయార్క్ యూనియన్ కాలేజీ ఆర్థికవేత్తలు ఒక కాలేజీ పూర్వ విద్యార్థుల లెక్కలు తీసిన్రు. ఫ్రాటర్నిటీల చేరినోళ్లకు మార్కులు 4 పాయింట్ల స్కేలు మీద పావు పాయింటు తగ్గినయి, తర్వాతి సంపాదన మాత్రం 36 శాతం దాకా పెరిగిందని తేలింది. మార్కులు తక్కువ, జీతం ఎక్కువ. అంటే ఆ ఇంట్ల దొరికేది చదువు కాదు, మనుషులు.

ఆ మనుషులను ఎట్ల ఏరుకుంటరు? దానికి అలబామా యూనివర్సిటీని మించిన ఉదాహరణ లేదు. 1963ల గవర్నర్ జార్జ్ వాలెస్ నల్ల స్టూడెంట్లు రావొద్దని తలుపుకు అడ్డం నిలబడ్డది ఈ యూనివర్సిటీలనే. సరిగ్గ 50 ఏండ్లకు, 2013 సెప్టెంబర్ల, అక్కడి స్టూడెంట్ పేపరు 'క్రిమ్సన్ వైట్' ఒక వార్త రాసింది. మంచి మార్కులు, పలుకుబడి గల కుటుంబం ఉన్న ఒక నల్లజాతి అమ్మాయిని ఆ ఏడు తెల్లోళ్ల సొరారిటీలు 16కు 16 కాదన్నయి. మేం తీసుకుందామన్నం, పాత మెంబర్లే అడ్డం పడ్డరు అని లోపటి అమ్మాయిలే బయటపెట్టిన్రు. స్టూడెంట్లు, సార్లు కలిసి ఊరేగింపు తీసిన్రు. యూనివర్సిటీ దిగొచ్చి మళ్ల ఎంపిక పెట్టిచ్చింది. ఆ నెలల్నే కొంతమంది నల్లజాతి అమ్మాయిలకు పిలుపొచ్చింది.

20 ఏండ్ల అమ్మాయిలు సరే అన్నరు, 50 ఏండ్ల పాత మెంబర్లు వద్దన్నరు. ఇది చదివినప్పుడు నాకు మన ఊర్లల్ల పెండ్లి మాటలు యాదికొచ్చినయి.

అలబామాల ఇంకొకటున్నది. దాన్ని 'మెషీన్' అంటరు. తెల్లోళ్ల పాత ఫ్రాటర్నిటీలు, సొరారిటీలు గుట్టుగ కలిసి స్టూడెంట్ యూనియన్ ఎవరి చేతుల ఉండాలెనో తేల్చే ముఠా. ఓట్లన్ని ఒక్క దిక్కు పడేటట్టు చూస్తది. 2013ల టస్కలూసా పట్నం బడుల బోర్డు ఎన్నికలల్ల ఒక పాత ఫ్రాటర్నిటీ మనిషి నిలబడితే, స్టూడెంట్లతోని ఓట్లేపిచ్చేటందుకు ఫ్రీగ మందు ఆశ చూపెట్టిన్రని ఆరోపణలొచ్చి కేసు కోర్టుకెక్కింది. ఓటుకు మందు అనంగనే మనకు కొత్తగ అనిపియ్యదు.

ఇండ్ల కూసోపెట్టి రాజకీయ పాఠాలేం చెప్పరు. పైసలున్న, తెల్ల, దక్షిణాది కుటుంబాల పిల్లలనే ఏరుకుంటే, వాళ్ల ఇండ్లల్ల ఉండే రాజకీయమే ఈ ఇంట్ల సుత ఉంటది. తీసుకునే కాడనే పార్టీ తేలిపోతది.

నల్లజాతి సంఘాల కథ దీనికి ఉల్టా. 1906ల కార్నెల్ యూనివర్సిటీల ఆల్ఫా ఫై ఆల్ఫా పుట్టింది, తెల్లోళ్ల ఇండ్లల్ల నల్లోళ్లకు జాగ లేని కాలంల. మార్టిన్ లూథర్ కింగ్ ఆ సంఘం మెంబరే. 1913ల హోవర్డ్‌ల డెల్టా సిగ్మా తీటా పెట్టిన అమ్మాయిలు, పెట్టిన రెండు నెలలకే వాషింగ్టన్ల ఆడోళ్ల ఓటు హక్కు ఊరేగింపుల నడిచిన్రు. ఇట్లాంటి తొమ్మిది సంఘాలను కలిపి 'డివైన్ నైన్' అంటరు. ఓటరు లిస్టుల పేర్లెక్కిచ్చుడు వీళ్లకు ఏండ్ల సంది అలవాటైన పని. వీళ్ల మెంబర్లల్ల ఎక్కువమంది డెమొక్రాట్ల దిక్కు ఉంటరనేది దాచేది కాదు.

అయితే విలువల మాట వచ్చేసరికి రెండు లోకాలు ఒక్కతాన కలుస్తయి. అది బాధ పెట్టే ముచ్చట. 2017 ఫిబ్రవరిల పెన్ స్టేట్ యూనివర్సిటీల బీటా తీటా పై ఇంట్ల కొత్తగ చేరిన 19 ఏండ్ల పిల్లగానికి వరుసబెట్టి మందు తాపిచ్చిన్రు. మెట్ల మీదికెల్లి పడ్డడు. దాదాపు 12 గంటలు ఎవ్వరు అంబులెన్సు పిలువలే. సచ్చిపోయిండు. ఇంట్ల కెమెరాలల్ల అంత రికార్డయింది. 2025 ఫిబ్రవరిల లూసియానాల నల్లజాతి యూనివర్సిటీ అయిన సదరన్ల ఒక స్టూడెంటు ఫ్రాటర్నిటీ చేరిక తంతుల ప్రాణం ఇడిచిండు. అంతకుముందు 2013ల న్యూయార్క్ బరూక్ కాలేజీ పిల్లగాడు ఆసియా మూలాల ఫ్రాటర్నిటీ తంతుల సచ్చిపోయిండు. వాళ్లది ఏ పార్టీ అయితేంది? పెన్ స్టేట్ ఇంట్ల అయితే అంబులెన్సు కంటె ఇంటి పేరే ముందు అనుకున్నరు.

పెద్దపెద్దోళ్లు కూడ దీన్ని తేలిక చేసిన్రు. 1967ల యేల్ యూనివర్సిటీల డీకేఈ ఫ్రాటర్నిటీ కొత్తోళ్లకు వాతలు పెడ్తున్నదని పేపర్లకెక్కింది. అది సిగరెట్ కాల్చినంత గాయమే అని వెనకేసుకొచ్చిన పాత అధ్యక్షుడు ఎవరనుకున్నరు? తర్వాత దేశానికి ప్రెసిడెంట్ అయిన జార్జ్ డబ్ల్యూ బుష్.

వాషింగ్టన్ల ఫ్రాటర్నిటీలకు సొంత రాజకీయ నిధి ఉన్నది. అది రెండు పార్టీలోళ్లకు చందా ఇస్తది. ఎందుకంటే అక్కడ వాళ్లకు కావాల్సింది సిద్ధాంతం కాదు, రక్షణ. 1972ల చదువులల్ల ఆడ-మగ తేడా చూడొద్దని చట్టమొస్తే, 1974ల వీటికి మినహాయింపు దొరికింది. 2015ల ఒక బిల్లొచ్చింది. అత్యాచారం జరిగిన అమ్మాయి పోలీసుల దగ్గరికి పోతే తప్ప కాలేజీ విచారణ చెయ్యొద్దని దాని సారం. ఫ్రాటర్నిటీల, సొరారిటీల పెద్ద సంఘాలు దానికి మద్దతిచ్చినయి. మెంబర్లే తిరగబడ్డంక వెనక్కి తగ్గినయి.

మనకెందుకీ లొల్లి అంటరా? మాస్టర్స్‌కు పోయే మన పిల్లలల్ల వీటి మొఖం చూసేటోళ్లు చాన తక్కువ. రూమ్ కిరాయి, పార్ట్‌టైమ్ పని, వీసా, వాళ్ల లోకం వేరే. కాని 90లల్ల పోయినోళ్ల పిల్లలు అక్కడనే పుట్టి పెరిగి ఇప్పుడు డిగ్రీలల్ల ఉన్నరు. వాళ్లకు ఈ ఇండ్లు ఎదురుంగనే ఉంటయి. దక్షిణాసియా పిల్లలకు వేరే ఫ్రాటర్నిటీలు కూడ పుట్టినయి. 1994ల బింగ్‌హామ్టన్ల అయోటా నూ డెల్టా, 1998ల టెక్సాస్ ఆస్టిన్ల డెల్టా ఎప్సిలాన్ సై. మనోళ్ల పిల్లలే కదా అని తల్లిదండ్రులు నిమ్మలంగ ఉంటరు. నాకైతే ఆ నిమ్మలం కరెక్టనిపియ్యది. బరూక్ పిల్లగాని తల్లిదండ్రులు సుత తమోళ్లతోనే ఉన్నడనుకొని ఉంటరు.

2024 డిసెంబర్ల బైడెన్ సంతకంతోని కొత్త ఫెడరల్ చట్టం వచ్చింది. ఏ సంఘం ర్యాగింగ్ చేసింది, ఏం చేసింది, ఏం శిక్ష పడ్డది, ఇదంత కాలేజీ తన వెబ్‌సైట్ల పెట్టాలె. డల్లాస్ల ఉన్నా, న్యూజెర్సీల ఉన్నా, కొడుకు ఫోన్ చేసి "డాడీ, ఒక ఫ్రాటర్నిటీల చేరుతున్న, ఫీజు పంపు" అంటే, డాలర్లు పంపకముందే ఆ పేజీ తెరిచి ఆ మూడు గ్రీకు అక్షరాలు ఉన్నయో లేవో వెతుక్కోవచ్చు.