మైలేజీ అంటే ఏ మైలేజీ?

మనం ఇంగ్లీషు నుంచి అరువు తెచ్చుకుని వాడుతున్న మాటల్లో జేబుకి ఎక్కువ చిల్లు పెట్టేది ఏదంటే, నేనైతే "మైలేజీ" అంటాను. కారున్నవాడి భాషలో మైలేజీ అంటే లీటరుకి ఎన్ని కిలోమీటర్లొస్తుంది అని. టైర్ల కొట్టువాడి భాషలో మైలేజీ అంటే ఆ టైరు అరిగిపోయేలోపు ఎన్ని వేల కిలోమీటర్లు తిరుగుతుంది అని. ఈ రెండూ వేరు. ఒక్కోసారి ఒకదానికొకటి అడ్డం కూడా. "మంచి మైలేజీ టైరు సార్, కళ్ళు మూసుకుని తీసుకోండి" అంటాడతను. మనం నిజంగానే కళ్ళు మూసుకుని, ఆ మాటని మన అర్థంలో విని, కార్డు గీకేసి బయటికొస్తాం. పాపం అతను అబద్ధమేం చెప్పలేదు. మనకీ చెవుడు లేదు. మధ్యలో డబ్బులు మాత్రం పోయాయి.

ఇలాంటిదాన్ని మన వృత్తిలో ఏమంటారో మీకు నేను చెప్పక్కర్లేదు. రిక్వైర్‌మెంట్ డాక్యుమెంట్లో ఉన్న ఒకే మాటని క్లయింటు ఒకలా, డెవలపరు ఇంకోలా చదివితే యూఏటీ రోజున ఏమవుతుందో అందరం చూసినవాళ్ళమే. అయినా టైర్ల దగ్గరికొచ్చేసరికి ఆ తెలివంతా ఎటు పోతుందో అర్థం కాదు. పదిహేను వేల ఫోను కొనడానికి ప్రాసెసరు, ర్యామ్, బ్యాటరీ అంటూ వారం రోజులు ఎక్సెల్ షీటు నింపే మనవాళ్ళు, ఇరవై పాతిక వేలు పోసి, ఇంటిల్లిపాదినీ మోసే నాలుగు టైర్లని ఐదు నిమిషాల్లో కొనేస్తారు. అడిగేవి రెండే ప్రశ్నలు: "ఎంత?", "ఎంత తగ్గిస్తావ్?".

నేను ఒక కొట్లో మూడో ప్రశ్న వేసి చూశాను. "అన్నా, వీటిల్లో పెట్రోలు తక్కువ తాగే టైరు ఏది?" అని. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "పెట్రోలు ఇంజన్ తాగుతది సార్, టైరు తాగుతదా!" అన్నాడు. పక్కనున్న కుర్రాళ్ళు నవ్వారు. వాళ్ళని నేనేమీ అనను. ఆయనకి కంపెనీవాళ్ళు ఆ సమాధానం ఎప్పుడూ ఇవ్వలేదు, ఎందుకంటే ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. నా కోపమల్లా అడగని మనమీదా, అడిగితే తప్ప చెప్పని కంపెనీలమీదా.

ఇంతకీ టైరు పెట్రోలు తాగుతుందా? తాగుతుందండీ. తిరుగుతున్న టైరు రోడ్డుకి ఆనిన చోట కాస్త అణిగి, పైకి వెళ్ళగానే మళ్ళీ సర్దుకుంటుంది. అలా నిమిషానికి కొన్ని వందల సార్లు. అణచడానికి పెట్టిన శక్తినంతా రబ్బరు తిరిగివ్వదు, కొంత వేడి రూపంలో పోతుంది. విజయవాడ దాకా డ్రైవ్ చేసి దిగాక టైరు మీద చెయ్యేస్తే వెచ్చగా తగులుతుందే, అది మీరు బంకులో డబ్బులిచ్చి పోయించుకున్న పెట్రోలే. దీన్నే రోలింగ్ రెసిస్టెన్స్ అంటారు. మామూలు కారు తాగే ఇంధనంలో దాదాపు ఐదో వంతు దీని ఖాతాలోకే పోతుందని టైర్ల కంపెనీలే చెప్తాయి. అమెరికాలో నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ 2006లో ఇచ్చిన నివేదిక ప్రకారం, రోలింగ్ రెసిస్టెన్స్ 10 శాతం తగ్గితే ఇంధనం ఒకటి నుంచి రెండు శాతం కలిసొస్తుంది.

"ఒకటి రెండు శాతానికి ఇంత గోలా?" అనకండి, లెక్క చూడండి. మీ కారు లీటరుకి 15 కిలోమీటర్లు ఇస్తుందనుకుందాం. లెక్క తేలిగ్గా ఉండటానికి లీటరు 100 రూపాయలు అనుకుందాం (అంతకి దొరికితే నాకూ చెప్పండి). కిలోమీటరుకి పెట్రోలు ఖర్చు 667 పైసలు. ఇప్పుడు కొట్లో రెండు రకాల టైర్లున్నాయి. మొదటి రకం సెట్టు 20 వేలు, 50 వేల కిలోమీటర్లు నడుస్తుంది. అంటే కిలోమీటరుకి 40 పైసలు. రెండో రకం సెట్టు 24 వేలు, 40 వేలే నడుస్తుంది. కిలోమీటరుకి 60 పైసలు. ఇంతవరకు చూస్తే మొదటిదే బేరం, కొట్టువాడు చెప్పేదీ అదే.

కానీ రెండో రకానికి రోలింగ్ రెసిస్టెన్స్ 20 శాతం తక్కువ అనుకోండి. పై నివేదిక లెక్కన పెట్రోలు రెండు నుంచి నాలుగు శాతం మిగలాలి. నాలుగు శాతం మిగిలితే కిలోమీటరుకి 27 పైసలు ఆదా. అరవైలోంచి అది తీసేస్తే 33 పైసలు. ఖరీదైన టైరే చవక! రెండు శాతమే మిగిలితే ఆదా 13 పైసలు, మిగిలిన ఖర్చు 47, మళ్ళీ మొదటి టైరే చవక. చూశారా, ఒక్క అంకె మారితే ఫలితం తారుమారైపోతోంది. ఆ అంకె కొట్లో ఎక్కడా రాసి ఉండదు. ఫలానా బ్రాండు గొప్పదా కాదా అనే గొడవ నాకు లేదు. లెక్క వేసుకోడానికి కావల్సిన అంకె కొనేవాడి చేతికి రావాలి, అదీ నా గొడవ.

ఆ అంకె అసలు లేదా అంటే, శుభ్రంగా ఉంది. యూరప్‌లో 2012 నవంబరు నుంచి టైరుకి లేబుల్ తప్పనిసరి. 2021 మే నుంచి కొత్త లేబుల్ వచ్చింది. ఇంధనానికి ఏ నుంచి ఈ దాకా ఒక గ్రేడు, తడి రోడ్డు మీద పట్టుకి ఇంకో గ్రేడు, చప్పుడు ఎన్ని డెసిబెల్సో ఆ అంకె. అయితే ఎంతకాలం మన్నుతుందన్నది దాంట్లో లేదు. అమెరికాలో సరిగ్గా తిరగేసి ఉంటుంది. అక్కడ టైరు పక్క గోడ మీదే ట్రెడ్‌వేర్ అని ఒక అంకె అచ్చు వేస్తారు. 400 ఉన్నది 200 ఉన్నదానికంటే వాళ్ళ పరీక్షా మార్గం మీద రెట్టింపు కాలం అరగకుండా ఉండాలి అని అర్థం. ఆ గ్రేడు ఇచ్చుకునేది కంపెనీయే కాబట్టి రెండు వేర్వేరు బ్రాండ్లని దాంతో పోల్చేటప్పుడు కాస్త ఉప్పు కారం తగ్గించుకుని చదవాలి. దాంట్లో ఇంధనం ఊసే లేదు. ఒకరు ఒక మైలేజీ చెప్తారు, ఇంకొకరు ఇంకో మైలేజీ చెప్తారు. రెండూ ఒకచోట చెప్పే పుణ్యాత్ముడు మాత్రం లేడు.

మరి మన దగ్గర? 2022 జూన్‌లో కేంద్ర రవాణా శాఖ ఏఐఎస్-142 అనే ప్రమాణాన్ని నోటిఫై చేసింది. రోలింగ్ రెసిస్టెన్స్, తడి పట్టు, చప్పుడు, ఈ మూడింటికీ హద్దులు పెట్టారు. మంచిదే, కాదనను. కానీ అది పాస్ మార్కు, ర్యాంకు కాదు. మనం రాసిన ఎంసెట్‌లో క్వాలిఫై అయిన ప్రతివాడికీ కోరుకున్న కాలేజీలో సీటొచ్చిందా? అలాగే హద్దు దాటిన టైర్లన్నీ ఒకటి కావు. ర్యాంకు చెప్పేది బీఈఈ వాళ్ళ స్టార్ లేబుల్. ఫ్రిజ్జుల మీదా ఏసీల మీదా ఉండే నక్షత్రాల్లాంటివే టైర్లకీ తెచ్చారు. 2022లోనే కొన్ని టైర్లకి ఐదు నక్షత్రాలు కూడా వచ్చాయి. కాకపోతే ఆ పథకం "ఇష్టమైతే చేరండి" అన్న పద్ధతిలో మొదలైంది. ఇష్టమైతే మార్కులు చూపించు అంటే ఏ పిల్లాడు ప్రోగ్రెస్ కార్డు ఇంటికి తెస్తాడండీ, ఫస్టొచ్చినవాడు తప్ప? నా డిమాండు ఒక్కటే. పరీక్ష ఎలాగూ చేస్తున్నారు కదా, ఆ మార్కులు ప్రతి టైరు మీదా అంటించండి. కారులో వచ్చిన టైర్లకే కాదు, కొట్లో విడిగా అమ్మే వాటికి కూడా.

విడిగా అమ్మేవాటి సంగతి ఎందుకు ఎత్తానంటే, కారు కంపెనీవాళ్ళకి తమ మోడల్ మైలేజీ అంకె ఎక్కువ చూపించుకోవాలి, అందుకని కొత్త కారుకి రోలింగ్ రెసిస్టెన్స్ తక్కువ ఉన్న టైర్లే ఏరికోరి వేయించుకుంటారు. మూడు నాలుగేళ్ళకి మనం వెళ్ళి అదే సైజు అడిగి తెచ్చుకున్నా అదే రబ్బరు అని గ్యారంటీ లేదు. కాలిఫోర్నియా రాష్ట్రం 2003లోనే దీని మీద చట్టం చేసింది, తర్వాత వేసుకునే టైర్లు కూడా సగటున మొదటి టైర్లంత పొదుపుగా ఉండాలని.

అన్నట్టు, టైర్లు మార్చిన మొదటి వారంలోనే "మైలేజీ పడిపోయింది" అని కొట్టువాడి మీదికి గొడవకి వెళ్ళకండి. టైరు అరిగేకొద్దీ రబ్బరు పల్చబడి రోలింగ్ రెసిస్టెన్స్ తగ్గుతుంది. బోడి టైరు తీసి కొత్తది వేస్తే కాస్త తేడా పడటం సహజం. అలాగని బోడి టైర్లతో తిరగమని కాదు. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకి వచ్చిందంటే దాని ఆయుష్షు తీరినట్టే.

ఇప్పుడు అసలు భయం. పొదుపు, మన్నిక అని నేను ఇంత అరుస్తుంటే ఎవరో ఒకరు ఆ రెండే చూసి టైరు కొంటారు. వద్దు. టైరు తయారీలో మూడు కాళ్ళ పీట ఒకటుంది: పొదుపు, మన్నిక, తడి రోడ్డు మీద పట్టు. ఒక కాలు పొడుగు చేస్తే ఇంకోటి పొట్టిదవుతుంది. 1992లో మిషెలిన్ కంపెనీ రబ్బర్లో మామూలు కార్బన్ బ్లాక్ బదులు చాలా వరకు సిలికా కలిపి టైర్లు తెచ్చాక ఈ మూడింటికీ కాస్త సయోధ్య కుదిరింది, కానీ సిలికా ఖర్చుతో కూడిన పని. చవగ్గానూ ఉండి, లక్ష కిలోమీటర్లు అరగకుండా, పెట్రోలు కూడా మిగిల్చే టైరు అని ఎవరైనా అంటే, మూడో కాలు ఎక్కడ కోశారో చూసుకోండి. తడి పట్టులో ఒక్కో గ్రేడు తగ్గేకొద్దీ 80 కిలోమీటర్ల వేగంలో బ్రేకు వేస్తే కారు మూడు నుంచి ఆరు మీటర్లు ఎక్కువ దూరం పోతుందని యూరప్ లేబుల్ లెక్క. ఆరు మీటర్లంటే ఒక కారు నిడివి కంటే ఎక్కువ. జులై వానలో గచ్చిబౌలి ఫ్లైఓవర్ దిగుతుంటే ముందు బైకు మీద భార్యా పిల్లాడితో ఒకతను హఠాత్తుగా ఆగాడనుకోండి. కిలోమీటరుకి ఏడు పైసలు మిగిల్చానన్న సంతోషం ఆ ఆరు మీటర్లలో ఎందుకు పనికొస్తుంది? మనం ఆదా చేసేది మన డబ్బు, పణంగా పెట్టేది మాత్రం వాళ్ళ ప్రాణం.

ఇంకో ముచ్చట. మనవాళ్ళలో చాలామంది కరోనా తర్వాత వారానికి రెండు రోజులే ఆఫీసుకి వెళ్తున్నారు. ఏడాదికి ఐదు వేల కిలోమీటర్లు కూడా తిరగరు. వీళ్ళకి "అరవై వేలు పోతది సార్" అనే టైరు ఎందుకండీ? అరవై వేలు పూర్తి కావడానికి పన్నెండేళ్ళు పడుతుంది. రబ్బరు వాడకపోయినా ముసలిదవుతుంది. ఐదేళ్ళు దాటాక ఏటా పరీక్ష చేయించమనీ, బాగానే కనిపించినా పదేళ్ళకి తీసేయమనీ కంపెనీలే చెప్తాయి. అంటే మీరు వాడుకోని మన్నికకి డబ్బు కడుతున్నారన్నమాట. తక్కువ తిరిగేవాళ్ళు ముందు తడి పట్టు చూసుకోవాలి, తర్వాత పొదుపు. రోజూ నలభై యాభై కిలోమీటర్లు తిరిగేవాళ్ళు తడి పట్టులో రాజీ పడకుండా మన్నిక, పొదుపు రెండూ కలిపి పైన చెప్పిన పైసల లెక్క వేసుకోవాలి. "నంబర్ వన్ టైరు ఏది?" అని అడిగేవాళ్ళకి నా దగ్గర జవాబు లేదు. ఎవరి తిరుగుడుని బట్టి వారి టైరు.

మనం ఎక్కడ ఖర్చు పెడతామో చూస్తే మరీ విడ్డూరం. గాల్లో 78 శాతం నైట్రోజనే అని పదో తరగతిలో మార్కులు కొట్టేసినవాళ్ళే, మిగతా 22 శాతం కోసం డబ్బులిచ్చి నైట్రోజన్ పట్టిస్తారు. ఇంకొందరు కారు కండలు తిరిగినట్టు కనిపించాలని లావుపాటి టైర్లు, పెద్ద అల్లాయ్‌లు వేయించి, ఆనక మైలేజీ రావట్లేదని సర్వీస్ సెంటర్ మీద పడతారు. అసలు చెయ్యాల్సిన పని మాత్రం ఎవరూ చెయ్యరు. డ్రైవరు తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద ఎంత గాలి ఉండాలో స్టిక్కరు ఉంటుంది (కొన్ని కార్లకి ఇంకోచోట ఉండొచ్చు). నెలకోసారి పొద్దున్నే, టైర్లు చల్లగా ఉన్నప్పుడు ఆ మేరకు గాలి ఉందో లేదో చూసుకోవాలి. నాలుగు టైర్లలోనూ ఒక్కో పీఎస్‌ఐ తగ్గితే 0.2 శాతం మైలేజీ పోతుందని అమెరికా ప్రభుత్వ లెక్క. ఆరు తగ్గితే 1.2 శాతం. పైగా అంచులు అరిగిపోయి మన్నికా పోతుంది. రెండు మైలేజీలూ ఒకేసారి పెంచే పని ఇదొక్కటే, అదీ ఉచితంగా.

"నీకు మరీ చాదస్తం ఎక్కువైంది, పైసలు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటావా?" అనేవాళ్ళు ఎలాగూ ఉంటారు. అయ్యా, అదే మనిషి ఆఫీసులో ఒక క్వెరీ రెండు మిల్లీసెకన్లు తగ్గిందని మెయిల్ పెట్టి అందరిచేతా శభాష్ అనిపించుకుంటాడు. అక్కడ లేని చాదస్తం ఇక్కడెందుకొచ్చింది?

కాబట్టి ఈసారి టైర్లు కొనేటప్పుడు ధర అడిగేముందు ఈ నాలుగూ అడగండి:

1. దీని రోలింగ్ రెసిస్టెన్స్ గ్రేడు ఎంత, స్టార్ రేటింగ్ ఉందా?
2. తడి రోడ్డు పట్టు గ్రేడు ఎంత?
3. పక్క గోడ మీద ట్రెడ్‌వేర్ అంకె ఉందా, ఉంటే ఎంత?
4. తయారైన వారం ఏది? (గోడ మీద నాలుగంకెలు ఉంటాయి. 2325 అంటే 2025లో 23వ వారం.)

మొదటి పదిమందికీ "తెలీదు సార్" అనే జవాబే వస్తుంది. వందోవాడు అడిగేసరికి కొట్టువాడు కంపెనీ సేల్స్ మనిషిని అడుగుతాడు. వెయ్యోవాడి దాకా వస్తే గోడ మీద చార్టు వెలుస్తుంది. అడగందే అమ్మయినా పెట్టదంటారు, ఇక టైర్ల కంపెనీ పెడుతుందా?