రెండు వందల రూపాయల లెక్క

మనలో చాలామంది జీతంలోంచి నెలనెలా నూటయాభయ్యో రెండు వందలో ‘వృత్తి పన్ను’ పేరుతో పోతుంటాయి. చిన్న మొత్తమే కదా అని ఎవరం పట్టించుకోం. పట్టించుకోవాలనే నేనంటాను.

వృత్తులు, వ్యాపారాలు, ఉద్యోగాల మీద పన్ను వేసే అధికారాన్ని రాజ్యాంగం 276వ అధికరణం రాష్ట్రాలకిచ్చింది. మనిషికి ఏడాదికి 250 రూపాయలు మించకూడదన్న పరిమితిని 1988లో అరవయ్యో సవరణ 2,500కి పెంచింది. ఆ గీత ఇప్పటికీ అక్కడే ఉంది. మన దగ్గర చట్టం 1987 నాటిది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ నెలకు 15,000 దాకా జీతం మీద పన్ను లేదు. 20,000 దాకా 150, ఆపైన ఎంతొచ్చినా 200.

ఈ ‘ఎంతొచ్చినా’ దగ్గరే ఉంది అసలు సంగతి. 21,000 తెచ్చుకునే నర్సు ఏడాదికి 2,400 కడుతుంది. రెండు లక్షలు తీసుకునే అధికారీ అంతే కడతాడు. ఆమెకది నూటికి దాదాపు ఒక రూపాయి, ఆయనకి పది పైసలు. పట్టికలో కింది మెట్ల మీద ఎవరుంటారో వేరే చెప్పాలా?

పైగా లెక్క కట్టేది చేతికొచ్చే డబ్బు మీద కాదు, మొత్తం జీతం మీద. 16,000 జీతమున్న టీచరమ్మకు పి.ఎఫ్., ఇ.ఎస్.ఐ. పోగా మిగిలేది పధ్నాలుగు వేల చిల్లర. అయినా నూటయాభై కోత తప్పదు.

మహారాష్ట్ర 2023 ఏప్రిల్ నుంచి స్త్రీలకు 25,000 దాకా మినహాయింపు ఇచ్చింది. మగవాళ్లకు అక్కడ 7,500 దాకానే. అదే ఏడాది కర్ణాటక అందరికీ 25,000 చేసింది. నా మొగ్గు కర్ణాటక వైపే. ‘ఆడవాళ్లకు రాయితీ’ అనగానే తక్కువ కూలి ఇచ్చే యజమాని ప్రశ్న పక్కకుపోతుంది. వాచ్‌మన్‌గా బతికే మగవాడు మనకు శత్రువూ కాదు.

పన్ను కోసి ప్రభుత్వానికి కట్టాల్సింది యజమాని. నేను మాట్లాడిన కాంట్రాక్టు పారిశుధ్య కార్మికులకు ‘కటింగులు’ తెలుసు గానీ, అవెందుకో తెలియదు. చేతిలో పే స్లిప్ లేదు. ప్రసూతి సెలవు అడిగిన రోజున, ఆమె ఉద్యోగి అనడానికి పనికొచ్చే కాగితం అదే. (‘గౌరవ వేతనం’ వోచర్లతో సరిపెట్టే మన స్వచ్ఛంద సంస్థలకూ ఈ మాట వర్తిస్తుంది.)

వచ్చే సంచికలోగా మీ సంస్థలో ఆయాలతో సహా ఎంతమందికి పే స్లిప్ అందుతోందో కనుక్కుని మాకు రాయండి.