చీమను అడిగి చూద్దాం

ఏడు చేపల కథ మీకందరికీ తెలిసినదే. చేప ఎందుకు ఎండలేదన్న ప్రశ్న గడ్డిమోపును, ఆవును, ఇంకా ఎందరినో దాటి చివరకు చీమ దగ్గర ఆగుతుంది. దారిలో ప్రతివారూ తప్పును పక్కవారి మీదికి నెట్టారు. చీమ ఒక్కటే అసలు కారణం చెప్పింది: తన పుట్టను కదిపారు, కుట్టింది! కారణం దొరికేదాకా అడుగుతూ పోవడమే గదా సైన్సు?

కాని పెరట్లో చీమలు కనిపించగానే మనం ఏ ప్రశ్నా అడగం. మందు డబ్బా కోసం వెతుకుతాం. ఇది సరికాదని నా అభిప్రాయం.

నా చిన్నతనంలో, 1970లలో, చీమలంటే గమేక్సిన్ పొడి. మా మామ్మ దొడ్డి గోడ వెంట తెల్లగా చల్లించేది. కోళ్ళు అక్కడే మేసేవి, మేమూ అక్కడే గోళీలాడేవాళ్ళం. అందులోని బి.హెచ్.సి. మట్టిలో ఏళ్ళ తరబడి నిలిచి ఉంటుందనీ, జంతువుల కొవ్వులో పేరుకుంటుందనీ మాకేం తెలుసు? మన దేశం దాన్ని 1997లో నిషేధించింది.

తరువాత చీమల సుద్ద వచ్చింది. చూడటానికి అచ్చం బడిలో వాడే సుద్దముక్కే. ఒకరోజు నేను కిటికీ గట్టున పెట్టి మరచిపోయిన ఆ సుద్దతో మా చిన్నమ్మాయి పలక మీద అక్షరాలు దిద్దుతూ కనిపించింది. నా గుండె ఆగినంత పనయింది. వెంటనే చేతులు సబ్బుతో కడిగించాను. అదృష్టం బాగుండి ఏమీ కాలేదు. సైన్సు మాస్టారి ఇంట్లోనే ఇలా జరిగింది, చూశారా!

ఇంత ప్రమాదం తెచ్చిపెట్టుకున్నా చీమలు పోతాయా? పోవు. అమెరికాలో 1957లో నిప్పు చీమలను నిర్మూలించాలని ప్రభుత్వం పెద్ద పథకం వేసి, లక్షల ఎకరాల మీద విమానాలతో మందు చల్లించింది. పక్షులు చచ్చాయి, చేపలు చచ్చాయి. నిప్పు చీమలు మాత్రం ఈనాటికీ అక్కడ ఉన్నాయి. రేచెల్ కార్సన్ 1962లో వెలువరించిన ‘సైలెంట్ స్ప్రింగ్’ పుస్తకంలో ఈ కథంతా రాసింది.

కారణం తేలికే. బయట తిరిగేవి పనిచీమలు. గుడ్లు పెట్టే రాణి పుట్ట లోపల క్షేమంగా ఉంటుంది. పైన వందను చంపితే లోపలి నుంచి మరో వంద వస్తాయి.

మరి ఏం చేయాలి? చీమనే అడగాలి. బారు వెంట నడచి చూడండి. ఒక కొస పుట్ట, రెండో కొస ఆహారం. మా చోడవరం వైపు ఇళ్ళలో అది చాలాసార్లు బెల్లం కుండే అవుతుంది! దానికి గట్టి మూత పెట్టండి, లేదా నీళ్ళు పోసిన పళ్ళెంలో నిలపండి. చీమలు దారిలో వదిలే వాసనే వెనుక వచ్చేవాటికి గుర్తు. సబ్బునీళ్ళతో తుడిస్తే ఆ గుర్తు చెరిగిపోతుంది. బారు మందారం చెట్టెక్కుతుంటే ఆకుల అడుగున చూడండి. పేనుబంక గాని పిండినల్లి గాని ఉంటుంది. అవి విసర్జించే తియ్యని జిగురు కోసమే చీమలు వస్తాయి. నీళ్ళు గట్టిగా చిమ్మి వాటిని కడిగేస్తే చీమలకు అక్కడ పని ఉండదు.

“మరి గుమ్మంలోనే పుట్ట పెట్టి పసిపాపను కుట్టే చీమల సంగతేమిటి మాస్టారూ?” అంటారు. న్యాయమైన ప్రశ్నే. అలాంటి పుట్టను తొలగించవలసిందే. చక్కెర నీళ్ళలో నూటికి ఒక వంతు బోరిక్ ఆమ్లం కలిపి, దూదిలో ముంచి, మూతకు చిన్న కన్నం ఉన్న డబ్బాలో పెడతారు. పనిచీమలు దాన్ని మోసుకుపోయి నోటితో నోటికి అందించుకుంటాయి. అలా అది రాణిదాకా చేరుతుంది. మందు ఎక్కువైతే మోసేవి దారిలోనే చస్తాయి, రాణి మిగులుతుంది. అయితే బోరిక్ ఆమ్లం కూడా విషమే సుమా! ఈ పని పెద్దలే చేయాలి. ఆ డబ్బా పిల్లలకూ కోళ్ళకూ అందకూడదు.

మిగతా పెరటి చీమల జోలికి మాత్రం పోకండి. అవి మట్టిని గుల్ల చేస్తాయి, చచ్చిన పురుగులను ఎత్తుకుపోతాయి, చెదలను వేటాడతాయి.

ఒక వారం మీ పెరట్లో గమనించండి. ఏ చీమ, ఎక్కడికి, దేనికోసం పోతోందో నోటుపుస్తకంలో రాయండి. ఇంట్లో ఎవరైనా మందు చేతిలోకి తీసుకుంటే ముందు ఆ పుస్తకం చూపండి. మా మామ్మ ఆ పొడి చల్లించిన దొడ్డి ముందు వాకిట్లోనే రోజూ బియ్యప్పిండితో ముగ్గు పెట్టేది. చీమలు తింటాయని ఆమెకు తెలుసు. ఆమె చేసిన ఆ రెండు పనులలో ముగ్గునే మనం నిలుపుకుందాం.