రాళ్ల ఆపరేషనూ, నాగా భయమూ



భివండీ, షోలాపూర్ సాంచాల మీద మనవాళ్లలో డొక్కలో నొప్పి రాగానే "గ్యాసే" అని సోడా తాగి రాత్రి పాళీకి వెళ్లేవాళ్లే ఎక్కువ. నూనె వంట తిన్నాక కుడి డొక్క పైభాగాన పట్టి, వీపుకో కుడి భుజానికో పాకే నొప్పి పిత్తాశయంలో రాళ్లది కావచ్చు. సోనోగ్రఫీలో తేలుతుంది. ఆకు పసర్లకు ఆ రాళ్లు కరగవు. నొప్పి పెట్టని రాళ్లను సాధారణంగా కదిలించరు, మళ్లీ మళ్లీ పెడితే మాత్రం ఆపరేషనే. జ్వరం, వణుకు, కళ్లు పచ్చబడడం కనిపిస్తే ఒక్క పూట కూడా ఆగరాదు.

1990లో బొంబాయి జె.జె. ఆసుపత్రిలో డాక్టర్ ఉద్వాడియా దేశంలో మొదటిసారి దుర్బీన్‌తో పిత్తాశయం తీశారు. ఇప్పుడు చాలామందికి నాలుగు చిన్న రంధ్రాలతో సరిపోతుంది, ఒకటి రెండు రోజుల్లో ఇంటికి పంపుతారు. కాని బీములు ఎత్తడానికి కొన్ని వారాలు ఆగాలి. మనవాళ్లను భయపెట్టేది ఆ వారాలే. మీటరు లెక్కన కూలి, నాగా పెడితే సాంచాలు బదిలీవాడికి పోతాయి.

ఇ.ఎస్.ఐ. ఉండి చందా రోజులు నిండితే వైద్యం ఉచితం, ఏడాదిలో 91 రోజుల దాకా కూలిలో 70 శాతం వస్తుంది. 2019 జూలై నుంచి ఇందుకు మన కూలిలో కోసేది 0.75 శాతం, యజమాని కట్టేది 3.25 శాతం. ఇంత మాత్రానికే ఒక్క షెడ్డును నాలుగు పేర్ల మీద చీల్చి, పదిమంది లేరని చూపే సేఠ్‌లున్నారు! దీన్ని మేము దొంగతనమే అంటాం. హాజరీ పుస్తకంలో పేరు లేనివాళ్లు కూలి చీటీలు పారేయకుండా యూనియన్ ఆఫీసుకు తెండి.