క్షణంలో ప్రాణం... క్షణంలో కోపం!

“ఏమిటో వదినా, మా చిన్నకోడలి సంగతే అర్థం కావడం లేదు. పొద్దున ‘అత్తయ్యా, మీలాంటివాళ్ళు ఎక్కడా ఉండరు’ అంటూ మెడ చుట్టూ చేతులు వేస్తుంది. సాయంత్రానికి ‘మీరంతా నన్ను వదిలించుకోవాలని చూస్తున్నారు’ అని తలుపేసుకుంటుంది!”

ఇలాంటి మాటలు మీరూ వినే ఉంటారు. కోడలి గురించి కాకపోతే కూతురి గురించో, చెల్లెలి గురించో, కట్టుకున్నాయన గురించో! వెంటనే మన నోట వచ్చే మాటలూ మామూలే. “పొగరు”, “గారాబం ఎక్కువైంది”, “అంతా నటన”. ఇంకొందరు “గాలి సోకింది” అని తాయెత్తు దాకా వెళ్తారు. ఈమధ్య ఫోన్లో నాలుగు వీడియోలు చూసి “ఇది బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్” అని ఇంట్లోనే తేల్చేసేవాళ్ళూ బయల్దేరారు.

ఆ పేరుతో నిజంగానే ఒక మానసిక రుగ్మత ఉంది. అది నటన కాదు. అలాగని కోపం వచ్చిన ప్రతివాళ్ళకీ తగిలించే పేరూ కాదు. ఈ తేడా తెలియకే వైద్యం అందాల్సినవాళ్ళకి చీవాట్లు, న్యాయం అందాల్సినవాళ్ళకి జబ్బు పేరు దక్కుతున్నాయి. అందుకే ఈ వారం దీని గురించి కాస్త తీరిగ్గా చెప్పుకుందాం.

ఎందుకా పేరు?

బోర్డర్‌లైన్ అంటే సరిహద్దు గీత కదా! 1938లో అడాల్ఫ్ స్టెర్న్ అనే అమెరికా డాక్టరు కొందరు రోగుల గురించి రాస్తూ ఈ మాట వాడారు. ఆ రోజుల్లో మనసు జబ్బుల్ని రెండు గదుల్లో సర్దేవారు. మనిషికి తన బాధ తనకి తెలిసేవి ఒక గదిలో, లోకంతో సంబంధమే తెగిపోయేవి రెండో గదిలో. వీళ్ళు ఏ గదిలోనూ ఇమడక గడప మీద నిలబడ్డట్టు కనిపించారు. అందుకని ఆ పేరు. 1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తన రోగ నిర్ధారణ గ్రంథంలో దీన్ని విడిగా చేర్చింది. గడప సంగతి ఇప్పుడెవరూ అనుకోవడం లేదు గానీ, పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. కనుక పేరు విని ‘సగం పిచ్చి’ అనుకుంటే పొరపాటే!

అసలు చిక్కు ఎక్కడుందంటే, కోపమైనా దుఃఖమైనా భయమైనా వీళ్ళకి తొందరగా వస్తుంది, ఎక్కువగా వస్తుంది, చల్లారడానికి చాలాసేపు పడుతుంది. కొంచెం సెగ తగిలితే చాలు, పాలు పొంగి పొయ్యి ఆరిపోయినంత పనవుతుంది! ఈ రుగ్మతకి చికిత్స కనిపెట్టిన మార్షా లినెహాన్ వీళ్ళని ఒళ్ళంతా కాలిన గాయాలున్నవాళ్ళతో పోల్చారు. మనకి మామూలుగా చెయ్యి తగిలినట్టుండేది, వాళ్ళకి భగ్గున మండుతుంది.

తొమ్మిదిలో అయిదు

డాక్టర్లు ముఖ్యంగా తొమ్మిది లక్షణాలు చూస్తారు. మన ఇంటి భాషలో చెప్పుకోవాలంటే ఇవీ:

1. అయినవాళ్ళు వదిలేస్తారేమోనన్న భయం. భర్త ఆఫీసు నుంచి గంట ఆలస్యమైతే ప్రాణం పోయినంత కంగారు, వదిలెయ్యకుండా ఉండటానికి ఏదైనా చేసెయ్యడం.

2. మనుషుల్ని ఒకసారి దేవుడంతవాళ్ళుగా, మరోసారి రాక్షసులుగా చూడటం. మధ్యస్థంగా ఉండలేకపోవడం.

3. “అసలు నేనెవర్ని, నాకేం కావాలి?” అన్నది ఎప్పటికప్పుడు మారిపోతుండటం.

4. ముందూ వెనకా చూడకుండా చేసే పనులు. విపరీతంగా ఖర్చు పెట్టడం, ఆగకుండా తినెయ్యడం, తాగుడు, ఒళ్ళు తెలియని వేగంతో బండి నడపడం లాంటివి. ఇందులో కనీసం రెండు ఉండాలి.

5. చచ్చిపోతాననడం, ఆ ప్రయత్నం చెయ్యడం, చేతులు కోసుకోవడం, కాల్చుకోవడం.

6. గంటల్లో మారిపోయే మనఃస్థితి.

7. ఎప్పుడూ లోపలంతా ఖాళీగా ఉన్నట్టుండటం.

8. పట్టలేనంత కోపం.

9. బాగా ఒత్తిడి కలిగినప్పుడు కాసేపు అందరూ తనకి వ్యతిరేకమేనన్న అనుమానం, లేదా తనలో తను లేనట్టు అనిపించడం.

ఇందులో కనీసం అయిదు ఉండాలి. అవీ ఒక్కరోజు గొడవలో కనిపిస్తే లెక్కలోకి రావు. యవ్వనం మొదట్లో బయల్దేరి, ఏళ్ళ తరబడి, పుట్టింట్లో, అత్తింట్లో, ఉద్యోగంలో, స్నేహాల్లో అన్నిచోట్లా కనిపించాలి. ఇంటర్ చదివే అమ్మాయి అలిగిందనో, అరిచిందనో ఈ పేరు పెట్టకూడదు. పద్ధెనిమిది లోపు వాళ్ళ విషయంలో డాక్టర్లే ఆచితూచి మాట్లాడతారు.

ఇది ఆడవాళ్ళ జబ్బు అనే అపోహ కూడా ఉంది. ఆసుపత్రికి వచ్చేవాళ్ళలో ఆడవాళ్ళు ఎక్కువే. అయితే మగవాళ్ళకీ వస్తుంది. తాగుడు, కొట్లాటల వెనక అది కనబడకుండా పోవచ్చు.

అదే అనిపించేవి ఎన్నో!

ఈ రుగ్మతని తేల్చడానికి రక్త పరీక్ష గానీ, స్కానింగ్ గానీ లేదు. అయినా డాక్టరు థైరాయిడ్ పరీక్ష రాస్తే విసుక్కోకండి. థైరాయిడ్ తేడా వల్ల కూడా చిరాకు, కంగారు, నీరసం వస్తాయి. నెలసరికి ముందు వారం రోజులు మాత్రమే మనిషి మారిపోతుంటే అది వేరే సంగతి. కాన్పయ్యాక వచ్చే దిగులు వేరు.

ఎక్కువగా పొరబడేది బైపోలార్ డిజార్డర్‌తో. అందులో ఉద్రేకం, దిగులు రోజులూ వారాల తరబడి ఉంటాయి. ఉద్రేకం ఉన్నన్నాళ్ళు నిద్ర లేకపోయినా అలుపు తెలియదు. బోర్డర్‌లైన్‌లో గంటల్లోనే మారిపోతుంది, దాని వెనక ఒక మాటో, ఒక చూపో, ఒక ఎడబాటో తరచుగా ఉంటుంది. రెండింటికీ వైద్యం వేరు కనుక ఈ తేడా ముఖ్యం. రెండూ ఒకరికే ఉండటమూ కద్దు.

అన్నింటికన్నా జాగ్రత్తగా చూడాల్సింది మరొకటుంది. రోజూ తన్నులు తినే ఇల్లాలు ఏడుస్తుంది, అరుస్తుంది, వణికిపోతుంది, అందర్నీ అనుమానిస్తుంది. అది జబ్బు కాకపోవచ్చు, ఆ ఇంట్లో బతకడం వల్ల వచ్చిన గాయం! అలాంటిచోట “నీకు బోర్డర్‌లైన్” అనడం కర్రకి తోడు ఇంకో కర్ర అందించడమే. అందుకే మంచి డాక్టరు పక్కన కూర్చున్న భర్తనీ, అత్తగారినీ కాసేపు బయటికి పంపి, ఆమెతో ఒంటరిగా మాట్లాడతారు. పంపకపోతే మీరే అడగండి.

డాక్టరు దగ్గరికి వెళ్ళేముందు

పాలవాడి లెక్క రాసుకునే నోటు పుస్తకం లాంటిదే ఒకటి తీసుకోండి. రెండు మూడు వారాలపాటు రోజూ నాలుగు ముక్కలు రాయండి. ఏం జరిగింది, మనసు ఎలా మారింది, ఎంతసేపు అలా ఉంది, నిద్ర ఎలా పట్టింది. నెలసరి తేదీలు, వాడుతున్న మందులు కూడా వెయ్యండి. బాధపడుతున్నవాళ్ళే రాసుకుంటే మరీ మంచిది. పక్కవాళ్ళు రాస్తే చాడీల చిట్టా అవుతుంది! అయితే చచ్చిపోవాలనిపిస్తున్నా, ఒంటికి హాని చేసుకుంటున్నా ఈ రాతకోతల కోసం ఒక్కరోజు కూడా ఆగొద్దు.

మానసిక వైద్యులు గానీ, క్లినికల్ సైకాలజిస్టు గానీ చిన్నతనం నుంచీ అడుగుతారు. ఒకటికి నాలుగుసార్లు రమ్మనవచ్చు. ఓపిక పట్టండి. పది నిమిషాల్లో పేరు పెట్టి పంపితే మరొకరి అభిప్రాయం తీసుకోవడంలో తప్పు లేదు. హైదరాబాద్ ఎర్రగడ్డలోనూ, విశాఖపట్నంలోనూ ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. ఎర్రగడ్డ పేరు చెప్పగానే నవ్వే అలవాటు మనమే మానుకోవాలి.

నయమవుతుందా?

అవుతుంది. ఈ మాట గట్టిగానే చెప్పవచ్చు. అమెరికాలోని మెక్‌లీన్ ఆసుపత్రిలో చేరిన 290 మంది ఇలాంటి రోగుల్ని మేరీ జనారిని బృందం ఏళ్ళ తరబడి గమనించింది. పదేళ్ళలో నూటికి 93 మందిలో లక్షణాలు కనీసం రెండేళ్ళపాటు తగ్గి ఉన్నాయని 2010లో ప్రకటించింది. ఉద్యోగం, స్నేహాలతో సహా పూర్తిగా కుదుటపడ్డవాళ్ళు సగం మంది. అంటే జబ్బు తగ్గడంతో పని అయిపోదు, బతుకు మళ్ళీ కట్టుకోవాలి. అక్కడే ఇంటివాళ్ళ ఆసరా అవసరం.

దీనికి ముఖ్యమైన వైద్యం మందు బిళ్ళలు కాదు, మాటల ద్వారా చేసే చికిత్స. లినెహాన్ రూపొందించిన డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ అందులో బాగా పేరున్నది. పొంగుని గమనించుకోవడం, తట్టుకోవడం, అదుపు చేసుకోవడం, ఎదుటివాళ్ళతో మాట్లాడే తీరు ఇందులో నేర్పుతారు. దిగులు, నిద్రలేమి లాంటివి తోడైతే మందులూ ఇస్తారు. వాటిని డాక్టర్ని అడక్కుండా మానెయ్యకూడదు.

ఆ లినెహానే పదిహేడేళ్ళ వయసులో తనని తాను గాయపరుచుకుంటూ ఆసుపత్రిలో చేరి, రెండేళ్ళకి పైగా అక్కడే ఉన్నారు. 2011లో ఆ సంగతి తానే బయటపెట్టారు. మంటలో ఉన్న మనిషే మందు కనిపెట్టిందన్నమాట!

ఇంట్లో మనమేం చెయ్యాలి?

పొంగు మీదున్నప్పుడు వాదనకి దిగొద్దు. “దీనికే ఇంత ఏడుపా?” అనే బదులు “నీకు చాలా భయమేసినట్టుంది, కూర్చో” అనండి. బాధని ఒప్పుకోవడమంటే చేసిన పనిని ఒప్పుకోవడం కాదు. గిన్నెలు విసిరితే ఊరుకోనక్కర్లేదు. ఏది కుదరదో మనసు నెమ్మదించాక చెప్పండి, చెప్పినమాట మీద ఉండండి. “మా ఇంటికి దాపురించావు”, “పుట్టింటికి పంపేస్తాం” అన్న బెదిరింపులు మాత్రం ఎన్నడూ వద్దు. అసలు జబ్బే ‘వదిలేస్తారేమో’ అన్న భయం కదా!

చచ్చిపోతానంటే “చచ్చేవాళ్ళు చెప్పరు” అని తీసిపారెయ్యకండి. ఈ రుగ్మతలో ప్రాణాలు పోతాయి. “చనిపోవాలనిపిస్తోందా?” అని మెల్లగా, సూటిగా అడగండి. అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. పురుగుల మందు, నిద్ర మాత్రలు చేతికందకుండా తీసెయ్యండి. ఒంటరిగా వదలకండి. టెలీ మానస్ వారి 14416 నంబరుకి ఎప్పుడు చేసినా తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు. ఏదైనా మింగినా, గాయమైనా వెంటనే 108కి ఫోను చెయ్యండి. కేసవుతుందని దాచకండి. అలాంటి ప్రయత్నం చేసినవాళ్ళు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నారనే భావించాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది.

“ఈ పేరు కాగితం మీద పడితే కాపురం పోతుందేమో” అన్న భయంతో ఆగిపోయేవాళ్ళూ ఉన్నారు. జబ్బు పేరు చూపించినంత మాత్రాన విడాకులు రావు. 2013లో ఒక తెలుగు దంపతుల కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. అక్కడ భార్యకి ఉందన్న జబ్బు స్కిజోఫ్రీనియా. కలిసి బతకడం సాధ్యం కానంత తీవ్రంగా ఉందని రుజువు కాలేదు కనుక విడాకులు ఇవ్వలేదు.

కనుక ఇంట్లో ఎవరి గురించైనా ఈసారి “అంతా నటన” అన్న మాట నోటిదాకా వస్తే ఒక్క క్షణం ఆగండి. “ఇది ఫలానా జబ్బు” అన్న మాట వచ్చినా ఆగండి. తేల్చాల్సింది డాక్టరు. అంతవరకూ మన వంతు ఆ మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని, చెప్పేది పూర్తిగా వినడం. ఆ తర్వాత ఆసుపత్రికి తోడు వెళ్ళడం.